మిషన్ కర్మయోగి: ఏది గుర్తుంచుకోవాలి?

పోటీ పరీక్షల్లో ప్రభుత్వోద్యోగుల శిక్షణపై ప్రశ్న వస్తే ముందు చూడాల్సింది ఈ పథకాన్నే. కేంద్ర మంత్రివర్గం 2020 సెప్టెంబరు 2న ఆమోదించింది. లక్ష్యం సుమారు 46 లక్షల మంది కేంద్ర ఉద్యోగులు. అప్పట్లో అయిదేళ్లకు రూ.510.86 కోట్లు కేటాయించారు.

అసలు మార్పు ఆలోచనలో ఉంది. ఇదివరకు శిక్షణంటే ఎక్కువగా సర్వీసులో చేరినప్పుడు ఒకసారి, పదోన్నతి వేళ మరోసారి. ఇప్పుడు హోదాను కాక, చేసే పనిని బట్టి నేర్పాలంటున్నారు. ఎస్టాబ్లిష్‌మెంట్ ఫైళ్లు చూసే అసిస్టెంట్‌ను కొనుగోళ్ల సెక్షన్‌కు మారిస్తే, జీతం మారకపోయినా ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్, టెండరు నిబంధనలు తెలియాలి కదా! అందుకు తగ్గ కోర్సులు ఐగాట్ కర్మయోగి అనే ఆన్‌లైన్ వేదికలో ఫోన్‌లోనే చదువుకోవచ్చు. అయితే కోర్సు పూర్తయిందన్న సర్టిఫికెట్ వేరు, పని రావడం వేరు. మెయిన్స్ వ్యాసంలో ఈ విమర్శ రాస్తే బాగుంటుంది.

అభ్యర్థులు తికమకపడేది సంస్థల దగ్గరే. విధానం, ప్రమాణాలు చూసేది 2021లో ఏర్పడిన సామర్థ్య నిర్మాణ కమిషన్. తొలి అధ్యక్షుడు ఆదిల్ జైనుల్‌భాయ్. వేదికను నడిపేది కర్మయోగి భారత్ అనే ప్రభుత్వ కంపెనీ. అత్యున్నత స్థాయి మానవ వనరుల మండలికి ప్రధానమంత్రి అధ్యక్షులు.

తెలంగాణ అభ్యర్థులు రాష్ట్ర ఉద్యోగులకు శిక్షణనిచ్చే హైదరాబాద్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థనూ చూసుకోవాలి.