మండలానికంతా ఒకే ప్రశ్న

గార్లదిన్నె

చిరంజీవి పాపకు పెదనాన్న ఆశీస్సులు.

మండలంలోని హైస్కూళ్లలో పిల్లల ప్రాజెక్టుల బాధ్యత నీకు అప్పగించారని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. చాలా సంతోషం. లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని, ఊరుకోలేక రాస్తున్నాను.

సబ్జెక్టులన్నీ కలిపి ప్రాజెక్టు చేయించమంటే మన బళ్లలో మామూలుగా జరిగేది నీకు తెలుసు. నీరు అని ఒక అంశం అనుకుంటారు. తెలుగు సారు దాని మీద కవిత రాయిస్తాడు, సైన్సు టీచరు జలచక్రం బొమ్మ వేయిస్తుంది, లెక్కల సారు ఏదో గ్రాఫు గీయిస్తాడు. చార్టులు గోడ మీద పక్కపక్కనే ఉంటాయి గానీ ఒకదానితో ఇంకోదానికి పని ఉండదు. నువ్వు సబ్జెక్టుల నుంచి బయల్దేరొద్దు. ఏ ఒక్క సబ్జెక్టుతోనూ తేలని ప్రశ్న పట్టుకో. మనకు అది వెతుక్కోవాల్సిన పనే లేదు: మా ఊళ్లో ఎంత వాన పడింది, ఆ నీళ్లు ఎటు పోయాయి?

మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఈ అంకె పిల్లలకు నోటికొస్తుంది, మనసుకెక్కదు. ఎకరా చేలో ఒక్క మిల్లీమీటరు వాన అంటే దాదాపు 4,000 లీటర్లు. ఏడాదికి 22 లక్షల లీటర్లు. ఈ లెక్క పిల్లలతోనే వేయించు. ‘ఇన్ని నీళ్లు పడితే మా బోరెందుకు ఎండింది?’ అని చెనిక్కాయ పెట్టే ఇంటి బిడ్డ ఎవరో ఒకరు అడుగుతారు. ఎర్రనేల ఎంత పీల్చుకుంటుంది, ఎండకు ఎంత ఆవిరైపోతుంది అన్నది సైన్సు టీచరుకు వస్తుంది. ఊళ్లో చెరువు కడపటిసారి ఎప్పుడు నిండింది, బోర్లు, చీనీ తోటలు ఎప్పుడొచ్చాయి అని పెద్దవాళ్లను అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకురావడం తెలుగు, సోషలు కలిసి చేయాల్సిన పని.

కొలతకు నిట్టనిలువు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా, ఒక స్కేలు చాలు. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటే గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత పెట్టాలి. చెట్టుకూ గోడకూ దూరంగా ఉంచాలి. వాతావరణ శాఖ చూసేది ఉదయం 8.30కు, పిల్లలదీ అదే వేళ కావాలి. వాన లేని రోజు సున్నా రాయాలి, చూడని రోజు ఖాళీ వదలాలి. ఈ తేడా పిల్లలకు గట్టిగా పట్టించు. టీచరు మెచ్చుకుంటుందని అంకె కల్పించే అలవాటు ఇక్కడే ఆగాలి. నీటిమట్టం చూడ్డానికి బావుల్లోకి తొంగిచూడనీయొద్దు. పెద్దవాళ్లు పక్కనుండగా, బోరు నీళ్లతో 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లకు నిండిందో రాసుకుంటే చాలు.

అన్ని బళ్లూ ఒకే పట్టిక వాడాలని పట్టుబట్టు. మన మండలంలోనే పెనకచెర్ల డ్యాంకు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లొస్తాయి. బోరునే నమ్ముకున్న ఊళ్ల సంగతి వేరు. ఒక బడి అంకెలు ఆ బడిలోనే ఉండిపోతే వాటితో తేలేదేమీ లేదు. డ్యాం దగ్గరి పిల్లల పట్టిక పక్కన మెట్ట ఊరి పిల్లల పట్టిక పెడితే, ఎవరి నీళ్లు ఎవరికి అందుతున్నాయన్న ప్రశ్న వాళ్లకే పుడుతుంది. అన్ని బళ్లనూ కలపాలనడం అందుకే.

ఇది పిల్లలకు మించిన పని అని ఎవరైనా అంటే, 2000 తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏవో) సాయంతో నడిచిన రైతుల భూగర్భజల ప్రాజెక్టు గురించి చెప్పు. ఏడు కరువు జిల్లాల్లో మనదీ ఒకటి. పెద్ద చదువులు లేని రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం చూసి, రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటలకు నీటి బడ్జెట్ వేసుకున్నారు. వాళ్లలో ఎవరైనా దొరికితే బడికి పిలువు. మన ఉపన్యాసాల కంటే అది మేలు.

1993 నుంచి నడుస్తున్న బాలల సైన్స్ కాంగ్రెస్‌కు పిల్లల ప్రాజెక్టు పంపు, తప్పులేదు. కానీ జడ్జీల కోసం చేయించొద్దు. మొదట గ్రామసభలో పిల్లల చేత ఈ లెక్కలు చదివించు. రైతులు తప్పు పడితే దిద్దుకోనీ.

నీకు కష్టమయ్యేది టీచర్ల దగ్గరే. సిలబస్ వెనకబడుతుందని వాళ్లు అనడంలో న్యాయముంది. అందుకే అదనపు పని అడగొద్దు. ఎనిమిదో తరగతిలో గ్రాఫులు, సగటులు చెప్పేటప్పుడు పుస్తకంలోని అంకెల బదులు ఈ అంకెలు వాడమను. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో అరగంట అడిగి తీసుకో. ఉపన్యాసం వద్దు, పట్టికలు బల్ల మీద పరిచి అందరినీ చూడమను.

బళ్లు తెరిచేలోగా ఒకసారి ఇటు రా. పట్టిక నమూనా కూర్చుని గీద్దాం. తొలకరికి డబ్బాలు సిద్ధంగా ఉండాలి.

ఇట్లు,
మీ పెదనాన్న