కర్ణభేరికి చిల్లు: ఏ ఆపరేషన్ ఎవరికి?

కుల్కచర్ల పల్లెల బడుల్లో పాఠం చెప్పే మాకు, పిలిచినా పలకని పిల్లలు కొత్త కాదు. వారిలో కొందరిది అశ్రద్ధ కాదు. చెవి కారి కారి కర్ణభేరికి చిల్లు పడి ఉంటుంది. ఇలాంటి పిల్లల వైద్యానికి సాయం చేసే దాతలు, ఆ ఆపరేషన్ల సంగతి కొంత తెలుసుకోవడం మంచిది.

కర్ణభేరి సుమారు ఒక సెంటీమీటరు వెడల్పున్న పలుచని పొర. దెబ్బ తగిలి పడిన చిన్న చిల్లు చాలాసార్లు కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది. ఏళ్ల తరబడి చీము కారిన చెవికి మాత్రం అతుకు వేయాల్సి రావచ్చు. చెవి పైన, కణత దగ్గరి కండరాన్ని కప్పి ఉండే పొర నుంచి చిన్న ముక్క తీసి అతుకుగా వాడతారు.

అతుకును కర్ణభేరికి లోపలివైపు పెడితే అండర్‌లే పద్ధతి. ఇది కొంత సులువు, ఎక్కువగా చేసేది కూడా ఇదే. పైచర్మపు పొరను తీసి బయటివైపు పరిస్తే ఓవర్‌లే. పెద్ద చిల్లులకు, ముందువైపు చిల్లులకు ఇది పనికొస్తుంది కాని, మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఒకసారి విఫలమైన చెవికి, కర్ణభేరి లోపలికి గుంజుకుపోయే చెవికి మృదులాస్థి ముక్క గట్టిగా నిలుస్తుంది.

మైక్రోస్కోపుతో చేస్తే డాక్టరుకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాని, తరచు చెవి వెనుక కోత పెట్టాలి. ఎండోస్కోపుతో చెవి రంధ్రం గుండానే చేయవచ్చు కాని, ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికే పోతుంది.

కాబట్టి ఖరీదైనదే మేలైనదని అనుకోరాదు. చిల్లు ఎక్కడ ఉంది, ఎంత ఉంది, లోపలి ఎముకలు బాగున్నాయా అన్నదాన్ని బట్టి డాక్టరే పద్ధతి నిర్ణయిస్తారు. దుర్వాసనతో చీము కారితే ఎముకను తినేసే జబ్బు ఉండవచ్చు. దానికి అతుకు ఒక్కటే చాలదు.

హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ముందే అడగాలి. అప్పుడు మన చందా వినికిడి పరీక్షకు, తోడు వచ్చే తల్లి కూలి నష్టానికి, ఆపరేషన్ తర్వాత మళ్లీ చూపించుకునే ప్రయాణాలకు ఉపయోగపడుతుంది. చార్జీలు లేక ఆ ప్రయాణాలు మానేస్తే, వేసిన అతుకు ఊడినా తెలియదు. చెవిలో కాచిన నూనె పోయవద్దని, నీళ్లు పోనీయవద్దని ఇంటింటా చెప్పడానికైతే పైసా ఖర్చు లేదు.