అడవి అంచు పల్లెలలో పందుల పెంపకము

భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములలోని అనేక కోయ కుటుంబములకు పంది పెరటి ధనము. పెండ్లి యైనను, పిల్లల చదువైనను, ఒక పందిని అమ్మి అక్కఱ తీర్చుకొందురు. అయితే వీధిలో విడిచిన పంది యజమానికే గాక ఊరికంతటికిని చేటు తెచ్చును. మలము తిన్న పందిమాంసములో బియ్యపుగింజలవంటి తెల్లని పొక్కులు ఏర్పడును. అట్టి మాంసమును సరిగా ఉడికింపక తిన్నవారి కడుపులో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు నీటితోనో కూరలతోనో లోనికి పోయినచో మెదడున చేరి మూర్ఛ కలిగించును. మాంసము మానినవారికిని ఈ ముప్పు తప్పదు. కావున మరుగుదొడ్డియు, పందులదొడ్డియు ఒకే పనిలో రెండు భాగములని పంచాయతీ సభ్యులు గ్రహింపవలెను.

దొడ్డికి వెదురు చాలును. నేల ఏటవాలుగా ఉండవలెను. పందికి చెమట పట్టదు గనుక నీడయు, నీరును తప్పనిసరి. చూలు నిలిచిన 114 దినములకు పంది ఈనును. తల్లి పొరలినప్పుడు పిల్లలు నలిగి చచ్చుట సామాన్యము. ఈనుచోట గోడకు జానెడు ఎడముగా, నేలకు జానెడు ఎత్తున ఒక అడ్డకఱ్ఱ కట్టినచో పిల్లలు దాని వెనుకకు తప్పుకొనును. ఇంత సులువైన పనిని చేయువారు అరుదు! మూడవ దినమున పశువైద్యునిచే ఇనుపధాతువు సూదిమందు ఇప్పింపవలెను. తవుడు, గంజి, చిలగడదుంప, ఇప్పపూవు మేతకు పనికివచ్చును. సీమజాతి పంది త్వరగా పెరుగును గాని మేత కొనలేనివానికి అది భారమే. మొదట నాటుపందులను కట్టి మేపి చూచుట మేలని మా అభిప్రాయము.

2020వ సంవత్సరమున అస్సాము, అరుణాచల ప్రదేశములలో తొలిసారి మన దేశమున కనబడిన ఆఫ్రికా పందిజ్వరము మిక్కిలి భయంకరమైనది. అది మనుష్యులకు సోకదు. సోకిన పందులలో బ్రదుకునవి బహు స్వల్పము. అడవిపందులకును అది అంటును. అందువలన అడవి అంచున దొడ్డికి రెండు వరుసల కంచె అవసరము. పందిమాంసపు వ్యర్థములను కుడితిలో కలుపరాదు.

జబ్బుపడిన పందిని కోసి చౌకగా అమ్ముటయే వ్యాధిని ఊరూర వ్యాపింపజేయును. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టము ననుసరించి యజమాని అనుమానము కలిగినంతనే గ్రామాధికారికి గాని పంచాయతీకి గాని తెలుపవలెను. అచ్చటినుండి పశువైద్యునికి వ్రాతమూలముగా కబురు పోవలెను. వ్యాధి నిరోధమునకై ప్రభుత్వము చంపించిన పందులకు పరిహారమిచ్చు పథకము కలదు గనుక దాచుట యజమానికే నష్టము. చచ్చిన పందిని వాగులో వేయక, బావులకు దూరముగా లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్పింపవలెను.