న్యాయమూర్తికి ప్రజలు చెప్పిన తీర్పు

న్యాయమూర్తి యితరులకు తీర్పు చెప్పును. ఆ న్యాయమూర్తికి తీర్పు చెప్పువా రెవరు? మన దేశమున హైకోర్టు న్యాయమూర్తిని రాష్ట్రపతి నియమించును. ఆయన 62 సంవత్సరముల వయస్సు వచ్చువరకు పదవియం దుండును. పార్లమెంటు ఉభయ సభలును విశేషాధిక్యముతో కోరిననే గాని యాయనను తొలగించుటకు వీలులేదు. అమెరికాలోని కొన్ని రాష్ట్రములలో వేరొక పద్ధతి కలదు. దానిని ఒక న్యాయమూర్తి జీవితమునుండి తెలిసికొందము.

కాలిఫోర్నియా రాష్ట్రమున నీ పద్ధతి 1934లో రాజ్యాంగ సవరణ వలన నేర్పడెను. ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టులో ఏడుగురు న్యాయమూర్తు లుందురు. ఖాళీ వచ్చినపుడు గవర్నరు ఒకరిని నియమించును. ముగ్గురు సభ్యుల సంఘ మొకటి దాని నామోదింపవలెను. పిమ్మట గవర్నరు పదవికి జరుగు ఎన్నికలనాడు ఆ న్యాయమూర్తి పేరును ప్రజల యెదుట పెట్టుదురు. ఎదిరి అభ్యర్థి యుండడు. న్యాయమూర్తిని పదవియం దుంచుటకు సమ్మతమా యను ప్రశ్నకు ఓటరు 'అవును' అనియో 'కాదు' అనియో గుర్తు పెట్టును. 'కాదు' అను ఓట్లు మించినచో పదవి పోవును. పూర్తి పదవీకాలము 12 సంవత్సరములు. 1940లో మిస్సోరి రాష్ట్రమును ఇట్టి యెన్నికనే స్వీకరించెను. న్యాయమూర్తి ఓట్లకొరకు పార్టీల వెంట తిరుగరాదు, ప్రజలకు బొత్తిగా జవాబుదారి కాకయు నుండరాదు; ఈ రెంటికిని నడుమ మార్గమే యిది.

రోజ్ బర్డ్ 1936లో అరిజోనా రాష్ట్రమున జన్మించెను. తల్లి కష్టార్జితముతో పెరిగి, 1965లో న్యాయశాస్త్ర పట్టము పొందెను. పేద ముద్దాయిల పక్షమున వాదించు ప్రభుత్వ న్యాయవాదిగా పనిచేసెను. 1975లో గవర్నరు జెర్రీ బ్రౌను ఆమెను తన మంత్రివర్గమున చేర్చుకొనగా, పొలము కూలీల హక్కులకు సంబంధించిన శాసనమును రూపొందించుటలో తోడ్పడెను. 1977లో ఆయనయే ఆమెను ప్రధాన న్యాయమూర్తిగా నియమించెను. ఆ న్యాయస్థానమున కూర్చున్న మొదటి స్త్రీ యామెయే. అంతకు ముందామె న్యాయమూర్తిగా పనిచేసి యుండలేదు.

1978 ఎన్నికలో నూటికి 52 కన్న తక్కువ ఓట్లతో నామె పదవి నిలిచెను. ఆ దినముననే ప్రజలు మరణశిక్ష పరిధిని విస్తరింపజేయు చట్టమును ఆమోదించిరి. తరువాతి సంవత్సరములలో తన యెదుటికి వచ్చిన మరణశిక్ష వ్యాజ్యములలోను, ప్రతిదానియందును, ఆ శిక్షను రద్దుచేయవలె ననియే ఆమె అభిప్రాయ మిచ్చెను. విచారణలో లోపము లున్నవని ఆమె చెప్పగా, చట్టమును గాక స్వాభిప్రాయమును పాటించుచున్నదని విరోధులు పలికిరి. 1986 నవంబరు 4వ తేదీన ఓటర్లలో సుమారు మూడింట రెండు వంతులు 'కాదు' అనిరి. ఆమెతోబాటు క్రూజ్ రెనోసో, జోసెఫ్ గ్రోడిన్ అను న్యాయమూర్తులును పదవులు కోల్పోయిరి. అదే దినమున ప్రజల యెదుట నిలిచిన మరి ముగ్గురు న్యాయమూర్తులు గెలిచిరి. 1934 మొదలు అంతవరకు ఆ న్యాయస్థానపు న్యాయమూర్తి నెవ్వరిని ప్రజ లట్లు తొలగించి యుండలేదు. ఖాళీయైన మూడు స్థానములను, మరణశిక్షను సమర్థించు గవర్నరు డ్యూక్‌మేజియన్ నింపెను. రోజ్ బర్డ్ 1999లో, 63వ యేట మరణించెను.

ఇందు రెండు వాదములు కలవు. అధికార మిచ్చిన ప్రజలే దానిని పరీక్షింపవలెనని యొకటి. జనుల కోపమునకు వెరచు న్యాయమూర్తి, దిక్కులేని ముద్దాయికి న్యాయము చేయజాలడని రెండవది. రెంటను సత్యము కలదు. ఎన్నికలు సమీపించినపుడు కఠినమైన వ్యాజ్య మొకటి న్యాయమూర్తి బల్లపైకి వచ్చిన దనుకొనుడు. ఆయన చూడవలసినది ఓటరు ముఖమునా, చట్టమునా? విద్యార్థులారా, ఈ ప్రశ్నను మీ చర్చాసంఘమున నిరుపక్షములుగా వాదించి చూడుడు. మొదట మీకు నచ్చని పక్షమును వాదించుడు. అప్పుడే న్యాయపీఠముపై కూర్చుండుట యెంత కష్టమో తెలియగలదు.