వెళ్ళివచ్చు తల్లి – నుడి నడతల తొలి పాఠము

శ్రీ గురుబసవలింగాయ నమః

నుడి యొకటి, నడత యొకటి కాగూడదనుట బసవాది శరణుల బోధకు పునాది. మఠములలో గురువులు ఈ విషయమును వివరింతురు, పండితులు వ్యాఖ్యానింతురు. కాని మూడు నాలుగేండ్ల పసివానికి దీనిని బోధించువారెవరు? ప్రతిదినము ఉదయమున పనికి బయలుదేరు తల్లియే బోధించును. ఆమె గడప దాటు తీరులోను, సాయంకాలమున మరల గడప త్రొక్కు తీరులోను ఈ పాఠము ఇమిడియున్నది.

నేడు వీరశైవ కుటుంబములలో పెక్కుమంది తల్లులు ఉద్యోగమునకో, పొలమునకో, అంగడికో వెళ్ళుచున్నారు. గుమ్మము వద్ద బిడ్డ ఏడ్పు, పూజకు చాలని వేళ, పెద్దల నిష్ఠూరము – ఈ మూటి నడుమ తల్లి మనస్సు నలుగుచున్నది. శరణుల మార్గమున ఇందులకు సమాధానము కలదా యని విచారించుట ఈ పాఠము ఉద్దేశము.

ఒక గృహము

ఉదాహరణకు జహీరాబాదు ప్రాంతమున ఒక గృహమును ఊహించుకొందము. బీదరు సరిహద్దు సమీపమగుటచే ఆ ఇంట తెలుగును, కన్నడమును కలిసి వినిపించును. కోడలు బిడ్డ పుట్టిన పిదప పని మానుకొని, వానికి మూడేండ్లు నిండిన తరువాత పట్టణమున ఒక ధాన్యపు కొట్టులో లెక్కలు వ్రాయు పనిలో మరల చేరినది. ఇంటికప్పు వేయించుటకు చేసిన అప్పు తీరవలసియున్నది; భర్త సంపాదన యొక్కటే చాలదు.

ఆమె అయిదు గంటలకు లేచి, స్నానము చేసి, విభూతి ధరించి ఇష్టలింగ పూజకు కూర్చుండును. పూజ సగములో నుండగనే బాలుడు లేచి వచ్చి ఒడిలో చేరును. తరువాత జొన్నరొట్టెలు, డబ్బాలు, బాలుని స్నానము. ఎనిమిదిన్నరకు బస్సు. వాడు తల్లి కొంగు పట్టుకొని వదలడు. "వానికి తెలియకుండ పెరటి దారిన వెళ్ళిపో" అని పొరుగింటి ఇల్లాలు ఉపాయము చెప్పినది. రెండు దినములు ఉపాయము ఫలించినది. మూడవనాటినుండి బాలుడు తల్లి స్నానమునకు వెళ్ళినను తలుపు వద్దనే నిలిచి కనిపెట్టుకొని యుండసాగెను. రాత్రి నిద్రలో ఉలికిపడి లేచి, ప్రక్కన తల్లి యున్నదో లేదో తడిమి చూచుకొనసాగెను.

అత్తగారు కొన్నాళ్ళు చూచి, "పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడు. లింగపూజ కూడ గడియలో ముగుస్తున్నది. ఈ ఉద్యోగము మనకెందుకు తల్లీ!" అనినది. ఆమె మాటలో కోపము లేదు. మనుమని మీది ప్రేమయే యున్నది. అందుచేతనే ఆ మాట కోడలికి మరింత గ్రుచ్చుకొన్నది.

కాయకమునకు స్త్రీపురుష భేదము లేదు

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు నెలకొల్పిన శరణ సమాజమున కాయకము లేనివారు లేరు. స్త్రీలకును కాయకము కలదు. ఆయ్దక్కి లక్కమ్మ భర్తయగు మారయ్యతో అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చి చేరినది. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట వారి కాయకము. ఆ బియ్యముతోనే జంగమ దాసోహము జరిగెడిది. ఒకనాడు మారయ్య అవసరమునకు మించిన బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని అంగీకరింపక, అధికమైనదానిని తిరిగి అక్కడనే పోసిరమ్మని భర్తను పంపినది.

ఈ చరిత్రమునుండి గ్రహింపవలసినవి రెండు. పనిచేయుట స్త్రీకి తగదనుట శరణుల మతము కాదు. అట్లే పని యెంత, సంపాదన యెంత అను విషయమున మితము తప్పరాదు. కాబట్టి కోడలు ఉద్యోగమునకు వెళ్ళవలెనా, వలదా యను ప్రశ్న వచ్చినపుడు, "ఇది గృహమునకు అవసరమా, లేక ఆశ వెంట పరుగా?" యని ఇంటివారందరు కలిసి విచారించుట మేలు. పై గృహమున అది అవసరము. అప్పు తీర్చుట కూడ నుడి నిలుపుకొనుటయే కదా!

పూజ కుదించిపోయినదను బాధ

వీరశైవము పంచసూతకములను అంగీకరింపదు. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, కులము అను వీనివలన లింగధారికి అశౌచము లేదని శరణులు నిర్ణయించిరి. ప్రసవించిన తల్లియు లింగమునకు దూరము కానక్కరలేదు. ఇష్టలింగము దేవాలయమున నుండునది కాదు. దేహముపైననే యుండి, ఆమె బస్సులో నున్నను, లెక్కల పుస్తకము ముందున్నను వెంటనే యుండును. కావున పూజావేళ తగ్గినంత మాత్రమున లింగము తన్ను విడిచినదని తల్లి కుందవలదు. తక్కువ వేళయైనను, నియమము తప్పకుండుట ప్రధానము.

ఒడిలో చేరిన బిడ్డ పూజకు విఘ్నము కాడు. పదమూడవ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. శివునికి తల్లి లేదని జాలిపడి ఆమె తానే తల్లియై, శివుని పసిబిడ్డగా భావించి నీళ్ళు పోసి, పాలు పట్టి పోషించినది. శివుడు ఆమెను పరీక్షింపనెంచి వ్యాధిగ్రస్తుని వలె నటించి పాలు ముట్టనప్పుడు, తల్లులందరి వలెనే ఆమెయు తల్లడిల్లినది. బిడ్డకు నీళ్ళుపోయుట, పాలు పట్టుట మొదలగు పనులే భక్తి కాగలవని సోమనాథుడు తెలుగువారికి చెప్పినాడు. బాలుని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వాని నొసట విభూతి దిద్ది, వానిచేత ఒక పువ్వు అర్పింపజేసినచో పూజయు సాగును, వానికి సంస్కారమును అలవడును.

గడప వద్ద చెప్పవలసిన మాట

పెద్దల మాటను పసివారు ఎంత నమ్ముదురో తెలుపు కథయు బసవపురాణముననే కలదు. గొడగూచి యను బాలికను తండ్రి ఊరికి వెళ్ళుచు, ప్రతిదినము శివునికి పాలు సమర్పింపుమని నియమించెను. శివుడు నిజముగ పాలు త్రాగునని ఆమె నమ్మినది. త్రాగకుండుట చూచి, ఏమి అపరాధము జరిగినదో యని విలపించినది. ఆ నమ్మకమునకు లొంగి శివుడు పాలు త్రాగెను. తండ్రి చెప్పిన మాటలో "ఇది ఆచారము మాత్రమే" యను పెద్దల భేదభావము ఆ పసిమనస్సునకు తోచలేదు.

మన ఇండ్లలోని పసివారును ఇట్టివారే. "ఇప్పుడే వస్తాను" అని చెప్పి సాయంకాలమునకు వచ్చు తల్లి, తాను అబద్ధమాడితినని అనుకొనదు. కాని బాలునికి అది అబద్ధమే. పెరటి దారిన వెళ్ళుట నోరు విప్పకుండ ఆడిన అబద్ధము. అటుపిమ్మట తల్లి కంటిముందు ఉన్నప్పుడును వాడు ఆమెను నమ్మలేడు. ఏ క్షణమున మాయమగునో యని భయపడును. కొంగు వదలకుండుట మొండితనము కాదు, ఆ భయమే.

తెలుగువారు ఇల్లు విడుచునపుడు "పోతున్నాను" అనరు, "పోయివస్తాను" అందురు. పోవుటతోపాటు వచ్చుటయు ఆ ఒక్క మాటలోనే యున్నది. ఆ మాటనే బాలునికి చెప్పి వెళ్ళవలెను. అందు పాటింపవలసిన క్రమము ఇది:

1. పసివానికి గడియారము తెలియదు. "ఆరు గంటలకు వస్తాను" అనుటకంటె, "నీవు అంగన్‌వాడీకి పోయి అన్నము తిని, ఇంటికి వచ్చి నిద్రపోయి లేచి ఆడుకున్నాక, అవ్వ దీపము పెట్టు వేళకు వస్తాను" అనవలెను.

2. ప్రతిదినము ఒకే క్రమము పాటింపవలెను. నొసట విభూతి, ఒక ముద్దు, "పోయివస్తాను" అను మాట. తరువాత వెనుదిరిగి మరల మరల రాగూడదు. వీడ్కోలు సాగదీసిన కొలది ఏడ్పు పెరుగును.

3. బయలుదేరుటకు కొంచెము ముందుగనే తెలుపవలెను. ఆటలో మునిగియున్న బాలుని హఠాత్తుగా లాగుట తగదు.

4. ఏడ్పు మాన్పుటకు ఫోను చేతికిచ్చుట మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన సూచనల ప్రకారము 3, 4 ఏండ్ల బిడ్డలు తెర ముందు కూర్చుండు కాలము దినమునకు 1 గంట మించరాదు. పగటి నిద్రతో కలిపి 10 నుండి 13 గంటల నిద్ర వారికి అవసరము. రాత్రి ఆలస్యముగ పండుకొన్న బాలుడు ఉదయమున మరింత ఏడ్చును.

5. తల్లి వెళ్ళిన తరువాత ఇంటివారు "ఏడిస్తే అమ్మ రాదు" అని గాని, "బూచివాడు పట్టుకొని పోతాడు" అని గాని బెదరింపరాదు. "అమ్మ దీపాల వేళకు వస్తుంది" అను ఒకే మాట అందరి నోటను వినిపింపవలెను.

ఇట్లు చేసినను మొదటి దినములలో ఏడ్పు ఆగదు. చెప్పి వెళ్ళిన తల్లి వెనుకనుండి ఆ ఏడ్పు వినవలసియే యుండును. పెరటి దారిన పోయినచో ఆమెకు అది వినిపింపదు. అందుచేత తల్లికి పెరటి దారియే సులభము. కాని సులభమైనది బాలునికి మేలు కాదు. వారముల తరబడి బిడ్డ అన్నము ముట్టక, నిద్రపోక, ఆట మానివేసినచో మాత్రము వైద్యునికి చూపవలెను.

తిరిగివచ్చు వేళ

పగలంతయు చక్కగ ఆడుకొన్న బాలుడు తల్లిని చూడగనే బోరున ఏడ్చుట కలదు. "ఇంతసేపూ బాగానే ఉన్నాడు, నిన్ను చూచియే మొదలు పెట్టినాడు" అని అవ్వ చిన్నబుచ్చుకొనును. అది అవ్వ పెంపకములోని లోపము కాదు. పగలంతయు అదిమిపెట్టుకొన్న బెంగ తల్లి ఒడిలో విడుదలయగుచున్నది. వచ్చిన తల్లి తిన్నగా వంటయింటికి పోక, కాళ్ళు చేతులు కడుగుకొని పావుగంట బిడ్డతో కూర్చుండుట మంచిది.

వర్షాకాలమున ఒకనాడు దారిలో బస్సు చెడి, పై గృహమున కోడలు రాత్రి ఎనిమిది గంటలకు ఇల్లు చేరినది. దీపము పెట్టి రెండు గంటలైనది. బాలుడు గడప మీదనే కూర్చుండి యున్నాడు. తల్లిని చూచి పలుకలేదు, దగ్గరకు రాలేదు. "బస్సు చెడిపోతే నేనేమి చేసేది?" అని ఆమె అనవచ్చును, అది నిజమే. కాని ఆమె వాని ప్రక్కన నేలపై కూర్చుండి, "దీపాల వేళకు వస్తానన్నాను, రాలేకపోయినాను. తప్పయింది నాన్నా" అనినది. వాడు కొంతసేపటికి ఆమె ఒడిలో తల పెట్టెను.

పిల్లల యెదుట తప్పు ఒప్పుకొన్నచో గౌరవము పోవునని కొందరి భయము. మాట తప్పుట కంటె, తప్పినదానిని కప్పిపుచ్చుట నుడి నడతలకు ఎక్కువ హాని. తప్పును ఒప్పుకొను విధమును బాలుడు ఆనాడు తల్లివలన నేర్చుకొన్నాడు.

భారము ఒక్కరిది కాదు

దాసోహమనగా అన్నము పెట్టుట మాత్రమే కాదు. తనకున్నదానిని, తన శ్రమను పంచుకొనుట. ఈ భావము ముందుగా ఇంటిలో ఆచరణకు రావలెను. ఉదయమున బాలునికి స్నానము చేయించుట, రొట్టె తినిపించుట తండ్రికి తగని పనులు కావు. ఆ పావుగంట దొరికినచో తల్లి పూజ నెమ్మదిగ సాగును.

ప్రభుత్వము వైపునను కొన్ని ఏర్పాట్లు జరిగినవి. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము 33 బ్లాకులలో ప్రారంభమై, తరువాత దేశమంతట అంగన్‌వాడీలుగా వ్యాపించినది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డల విషయమున సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. 50 మంది గాని అంతకు మించి గాని పనిచేయు సంస్థలు శిశు సంరక్షణశాల ఏర్పరచవలెననియు, తల్లి దినమునకు 4 సార్లు బిడ్డను చూచుటకు వీలీయవలెననియు విధించిరి. కాని ధాన్యపు కొట్టులో ఒకరిద్దరు పనివారలలో ఒకతెయగు తల్లికి ఈ సంరక్షణశాల అందదు.

ఇచ్చట మఠములు చేయదగిన సేవ కలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామీజీ 2019 జనవరిలో లింగైక్యులగు వరకు వేలకొలది బాలురకు అన్నము, ఆశ్రయము, విద్య ఉచితముగ సమకూర్చిరి. అంతటి కార్యము అందరికిని సాధ్యము కాకపోవచ్చును. ఒక చిన్న మఠము తన ఆవరణలో ఒక గదిని, పాటలు కథలు తెలిసిన ఇద్దరు పెద్ద ముత్తయిదువలను సమకూర్చి, పనికి వెళ్ళు తల్లుల బిడ్డలను పగటివేళ చూచుకొన్నచో అదియు దాసోహమే యగును.

మన ఉదాహరణలోని గృహమున ఏడ్పు తగ్గుటకు ఇంచుమించు మూడు వారములు పట్టినది. అత్తగారు మరల ఉద్యోగము మాట ఎత్తలేదు; సాయంకాలము దీపము పెట్టునపుడు మనుమని పిలిచి, "అమ్మ వచ్చే వేళయింది, రా" అని వానిచేతనే వత్తి వేయించుచున్నది. కోడలి పూజ ఇప్పటికిని క్లుప్తమే. కాని ఆమె చెప్పిన మాట ఆ ఇంట నిలుచుచున్నది.

మననమునకు ప్రశ్నలు

1. లక్కమ్మ అధికమైన బియ్యమును తిరిగి పంపుటలోని భావమేమి? మన గృహమున దానిని దేనికి అన్వయింపవచ్చును?
2. బిడ్డకు తెలియకుండ వెళ్ళుట నుడి నడతలకు ఎట్లు విరుద్ధము?
3. ఈ వారము మన ఇంటి పసివారికి ఇచ్చిన మాటలెన్ని? నిలిచినవెన్ని? తప్పినవానిని వారితో ఒప్పుకొంటిమా?

శరణు శరణార్థి.