లూసియెన్ మియాస్

ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున, నల్లకొండ యను పర్వతపాదమున, మజామె యను చిన్న పట్టణము కలదు. గొఱ్ఱెతోళ్లనుండి ఉన్నిని వేరుచేయు పరిశ్రమకు అది పూర్వము ప్రసిద్ధి గాంచినది. 1930లో జన్మించిన లూసియెన్ మియాస్ ఆ ఊర బడిపంతులుగా పనిచేయుచు రగ్బీ యాడుచుండెను.

రగ్బీ బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. పక్షమునకు 15 మంది. బంతిని కాలితో ఎటు తన్నినను తన్నవచ్చును గాని, చేతితో ముందునకు విసరరాదు. ఆ 15 మందిలో ఎనమండుగురు ఎదుటివారితో పెనుగులాడి బంతిని సంపాదింపవలెను. దృఢకాయుడగు మియాస్ వారిలో నొకడు.

1951లో ఫ్రాన్సు జట్టు ఇంగ్లండును ఆ దేశపు గడ్డమీదనే మొట్టమొదటిసారి ఓడించెను. ఇరువదేండ్ల మియాస్ ఆ జట్టులో నుండెను. అయినను 1954లో అతడు దేశపు జట్టును వీడి వైద్యవిద్య నభ్యసింప బూనెను. పేరు వచ్చినపిదప మరల విద్యార్థియై పుస్తకములముందు కూర్చుండుట ఎంత కష్టము! మజామె జట్టును మాత్రము అతడు విడువలేదు. ఎనమండుగురును ఎవరి బలము వారు చూపుటగాక, ఒకే దేహమువలె కదలుచు, దగ్గరదగ్గరగా బంతి నందించుకొనవలెనని అతని యూహ. 1958లో ఆ చిన్న ఊరి జట్టు ఫ్రాన్సు జాతీయపోటీలో కడపటి యాటవరకు వచ్చి, లూర్దు జట్టుచేత ఓడినది.

ఆ యేడే దేశపు జట్టు మియాస్‌ను మరల పిలిచెను. వేసవిలో వారు దక్షిణాఫ్రికాకు పయనమైరి. 1896 తరువాత ఆ దేశము స్వదేశమున ఏ పరదేశపు జట్టుతోను ఆటల వరుసను కోల్పోయి యుండలేదు. (తెల్లవారికి తప్ప ఆ జట్టులో అప్పుడు చోటు లేదు.) ఫ్రాన్సు నాయకుడు సెలాయా గాయపడుటచే భారము మియాస్‌పై బడినది. కేప్‌టౌనులో ఆట 3–3తో సరిసమానమైనది. జొహానెస్‌బర్గులో దక్షిణాఫ్రికావారు గీత దాటి బంతిని నేలకు తాకించి, ఆపై తన్నుతో కలిపి 5 అంకెలు సంపాదించిరి. ఫ్రాన్సువారు ఒక్కసారియు గీత దాటలేదు. బంతిని మూడుసార్లు గోలుకొయ్యల నడుమనుండి తన్ని 9 అంకెలు గొనిరి. వరుస ఫ్రాన్సుదైనది.

1959లో ఐదు దేశముల పోటీలో ఫ్రాన్సు ఇతరులతో పంచుకొనక, తానొక్కటియే ప్రథమస్థానము నందెను. అదియే మొదటిసారి. అంతట మియాస్ దేశపు జట్టునుండి రెండవమారు వైదొలగెను. డాక్టరై, మజామెలో వృద్ధులకు చికిత్స చేయుచు చిరకాలము గడపెను. 2024లో, 93 ఏండ్ల వయసున మరణించెను.