మౌంటెన్ బైక్ సస్పెన్షన్: తువాస్‌లో కొలిచి చూద్దాం

సింగపూర్‌లో మన సాఫ్ట్‌వేర్ మిత్రులు ముప్పై దాటాక ఇష్టపడి కొనే వస్తువుల్లో మౌంటెన్ బైక్ ఒకటి. రెండు మూడు వేల డాలర్లు పోసి తెచ్చుకుంటారు. ముందు ఫోర్కుకీ, వెనక షాకుకీ ఎరుపూ నీలమూ మరలుంటాయి. అవి ఎందుకో తెలియదు కాబట్టి ముట్టుకోరు. షాపులో ఎలా ఇచ్చారో అలాగే ఏళ్ళ తరబడి తొక్కుతారు. కొత్త రూటర్ కొని పాస్‌వర్డ్ 'అడ్మిన్' అనే ఉంచేసినట్టన్నమాట.

రూటర్ సంగతి ఎలా ఉన్నా, ఇక్కడ నష్టపోయేది మన ఒళ్ళు. గాలి ఎక్కువైన ఫోర్కు ప్రతి రాయి దెబ్బనీ మణికట్టుకి చేరవేస్తుంది. వారమంతా కీబోర్డు మీద పనిచేసే చేతులు ఆదివారం కూడా దెబ్బలు తింటే సోమవారం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. గాలి తక్కువైతే దిగుడులో ముందుభాగం కుంగిపోయి మనిషి హాండిల్ మీదుగా బోర్లా పడే ప్రమాదం ఉంది.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఒక స్కేలు, ఒక షాక్ పంపు, ఒక చిన్న నోటు పుస్తకం చాలు. నేను ఈ పనికి తువాస్ రోడ్లను వాడుకుంటాను. ఎందుకో ముందుకెళ్ళాక చెబుతాను.

స్ప్రింగు వేరు, డాంపర్ వేరు

మౌంటెన్ బైక్‌లకి సస్పెన్షన్ మొదటినుంచీ లేదు. రాక్‌షాక్స్ కంపెనీ 1989లో మొదలైంది. 1990లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డురాంగో ఊళ్ళో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ ఆ కంపెనీ ఫోర్కుతో డౌన్‌హిల్ పందెం గెలిచాడు. అక్కడినుంచి సస్పెన్షన్ లేని మౌంటెన్ బైక్ మెల్లమెల్లగా అరుదైపోయింది.

ఏ కంపెనీదైనా లోపల ఉండేవి రెండే. ఒకటి స్ప్రింగు. అది ఇనప చుట్ట కావచ్చు, గొట్టంలో బంధించిన గాలి కావచ్చు. దెబ్బ తగిలినప్పుడు శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. రెండోది డాంపర్. నూనెని సన్నటి రంధ్రాల గుండా పోనిచ్చి, ఆ శక్తిని వేడిగా మార్చి, ఊగుడుని అణుస్తుంది. స్ప్రింగు మాత్రమే ఉంటే బండి బంతిలా ఎగురుతూనే ఉంటుంది. డాంపర్ అతిగా ఉంటే కుంగింది కుంగినట్టే ఉండిపోతుంది.

ఇంజినీరింగ్‌లో చదువుకున్న మాస్-స్ప్రింగ్-డాంపర్ సమీకరణం గుర్తుందా? డాంపింగ్ నిష్పత్తిలో పైన డాంపింగ్ గుణకం ఉంటుంది. కింద స్ప్రింగు గట్టిదనమూ బరువూ గుణించిన దాని వర్గమూలానికి రెట్టింపు ఉంటుంది. గాలి కొడితే స్ప్రింగు గట్టిపడుతుంది, అంటే కింది అంకె పెరుగుతుంది, నిష్పత్తి తగ్గుతుంది. కాబట్టి గాలి పెంచినప్పుడల్లా రీబౌండ్ డాంపింగ్ కూడా కాస్త పెంచాలి. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే వ్యాసంలో సగం ఒంటబట్టినట్టే. సెట్టింగుల వరసను నిర్ణయించేది కూడా ఇదే: ముందు గాలి, తరవాత రీబౌండ్, చివర కంప్రెషన్.

తువాస్ ఎందుకు?

తువాస్ సింగపూర్‌కి పడమటి కొస. ఫ్యాక్టరీలు, షిప్‌యార్డులు, 1998లో తెరిచిన మలేసియా రెండో వంతెన, 2022లో లాంఛనంగా ప్రారంభమైన కొత్త కంటెయినర్ పోర్టు ఉన్న చోటు. సముద్రాన్ని పూడ్చి తీసిన నేల చాలా ఉంది కాబట్టి తువాస్ సౌత్ వైపు రోడ్లు బల్లపరుపుగా, తిన్నగా ఉంటాయి. కొండ లేని చోట మౌంటెన్ బైక్‌తో పనేమిటని అడగవచ్చు.

అసలు తొక్కే చోటు చెస్ట్‌నట్ నేచర్ పార్కు. 81 హెక్టార్ల ఆ పార్కులో 8 కి.మీ. పైచిలుకు సైకిల్ దారి ఉంది. కానీ అక్కడ ఒక్కొక్క వేరు, ఒక్కొక్క రాయి ఒక్కో రకం. వాన పడిందంటే నిన్నటి దారి ఈవేళ ఉండదు. అలాంటి చోట రెండు క్లిక్కులు తిప్పి, తేడా మరవల్ల వచ్చిందా దారివల్ల వచ్చిందా అంటే చెప్పలేం. పరీక్షకి ఒకే రకం దెబ్బ మళ్ళీ మళ్ళీ తగలాలి. అదే రోడ్డు, అదే పేవ్‌మెంటు అంచు, అదే వేగం. తువాస్‌లో యూనిట్ టెస్టు, చెస్ట్‌నట్‌లో ప్రొడక్షన్ అనుకోండి.

ఒక హెచ్చరిక. తువాస్‌లో కంటెయినర్ లారీలు ఎక్కువ, ఆదివారం పొద్దున్న కూడా తిరుగుతుంటాయి. పెద్ద రోడ్డు మీద ప్రయోగాలు వద్దు. పక్క సందు చూసుకోండి. హెల్మెట్ తప్పనిసరి, 2019 జనవరి నుంచి రోడ్డు మీద అది చట్టం కూడా.

మొదటి మెట్టు: సాగ్

బండెక్కి కదలకుండా నిలబడితే మన బరువుకే సస్పెన్షన్ కొంత కుంగుతుంది. ఆ కుంగుడు పేరు సాగ్. ట్రెయిల్ బైక్‌కి ముందు ఫోర్కు మొత్తం ప్రయాణంలో 20 శాతం, వెనక షాకు 25 నుంచి 30 శాతం దాకా కుంగడం మంచి ఆరంభం. గుంట వచ్చినప్పుడు చక్రం కిందికి దిగి నేలని అంటిపెట్టుకోవడానికి ఈ కుంగుడు కావాలి.

1. లాకౌట్, కంప్రెషన్ మీటలు పూర్తిగా తెరవండి.
2. షాక్ పంపుతో, తయారీదారు పట్టికలో మీ బరువుకి ఎదురుగా ఉన్న ఒత్తిడి పెట్టండి. బూట్లు, సంచి, నీళ్ళు కలిపిన బరువే లెక్క. టైర్ల పంపు దీనికి పనికిరాదు.
3. పంపు తీసి, ఫోర్కుని ఓ పదిసార్లు గట్టిగా నొక్కి వదలండి. లోపలి రెండు గాలి గదులూ సమం కావడానికి ఇది అవసరం.
4. నిగనిగలాడే పై గొట్టం మీద రబ్బరు రింగు ఉంటే కిందికి తొయ్యండి. లేకపోతే ఒక జిప్ టై వదులుగా కట్టండి.
5. గోడ పక్కన, లేదా ఎవరినైనా పట్టుకోమని, పెడళ్ళ మీద నిలబడండి. ఎగరకుండా మెల్లగా దిగండి. రింగు ఎంత పైకి జరిగిందో స్కేలుతో కొలవండి.

120 మి.మీ. ఫోర్కు అయితే 24 మి.మీ. రావాలి. వెనక షాకుకి చక్రం ఎంత కదిలిందని కాదు, షాకు కడ్డీ ఎంత కదిలిందని చూడాలి. 50 మి.మీ. స్ట్రోక్ ఉన్న షాకుకి 30 శాతం అంటే 15 మి.మీ. తక్కువ వస్తే గాలి తీయండి, ఎక్కువ వస్తే కొట్టండి. ఒక్కోసారి 5 పి.ఎస్.ఐ.కి మించి మార్చకండి.

పంపు విప్పేటప్పుడు 'తుస్సు'మంటే చాలామంది కంగారుపడతారు. ఆ గాలి పంపు గొట్టంలోది, ఫోర్కులోది కాదు. మళ్ళీ పంపు తగిలిస్తే ముల్లు కాస్త తక్కువ చూపిస్తుంది. ఈసారి ఫోర్కులోంచే కొంత గాలి పంపు గొట్టంలోకి వచ్చింది కనుక. 'చూద్దాం ఎంతుందో' అని రోజూ పంపు తగిలించే అలవాటు అందుకే మంచిది కాదు.

ఇక మన ఎండ సంగతి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 80 పి.ఎస్.ఐ. పెట్టిన ఫోర్కు బయట 35 డిగ్రీలకి చేరితే దాదాపు 83 అవుతుంది. వాయు సూత్రంలో ఉష్ణోగ్రతని కెల్విన్‌లో తీసుకుని, గేజి అంకెకి బయటి వాతావరణ పీడనం కలిపి లెక్కకడితే వచ్చే అంకె ఇది. పెద్ద తేడా కాదు గానీ, గదిలో కొలిచి బయట తొక్కేవాళ్ళు గుర్తుంచుకోవాలి. నేను తొక్కబోయే చోటే, నీడలో పావుగంట ఆగి కొలుస్తాను.

రెండో మెట్టు: రీబౌండ్

ఎర్ర మర ఇదే. కుంగిన సస్పెన్షన్ ఎంత వేగంగా తిరిగి లేవాలో దీని పని. కుడివైపు తిప్పితే నెమ్మదిస్తుంది, ఎడమవైపు తిప్పితే వేగం పెరుగుతుంది. ముందుగా కుడివైపు చివరిదాకా తిప్పి, అక్కడినుంచి వెనక్కి ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టండి. ఆ 'చివర' మనకి సున్నా. సున్నా ఎక్కడో తెలియకుండా 'నాలుగు క్లిక్కులు' అంటే అర్థం లేదు.

మొత్తం క్లిక్కుల్లో సగం దగ్గర మొదలుపెట్టండి. పేవ్‌మెంటు అంచు మీదనుంచి, సీటు మీద కూర్చునే, నడక వేగంతో కిందికి దిగండి. బండి కుంగి, లేచి, ఒక్కసారి కొద్దిగా పైకి పోయి నిలవాలి. రెండు మూడుసార్లు ఊగితే రీబౌండ్ మరీ వేగంగా ఉంది, రెండు క్లిక్కులు కుడివైపుకి. బద్ధకంగా, ఊగకుండా లేస్తే మరీ నెమ్మది, రెండు ఎడమవైపుకి.

నెమ్మదిగా ఉన్న రీబౌండ్‌తో ఒక మోసం ఉంది. తువాస్ రోడ్డు మీద అది మెత్తగా, హాయిగా అనిపిస్తుంది. చెస్ట్‌నట్‌లో వరసగా వేళ్ళు వచ్చినప్పుడు మొదటి దెబ్బనుంచి లేవకముందే రెండోది, అది తేరకముందే మూడోది పడి, ఫోర్కు కుంగుతూ కుంగుతూ పోయి చివరికి రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు చాలామంది 'గాలి ఎక్కువైంది' అనుకుని గాలి తీస్తారు. దాంతో జబ్బు ఇంకా ముదురుతుంది.

మూడో మెట్టు: కంప్రెషన్, టోకెన్లు

నీలం మర కంప్రెషన్. ఎంత వేగంగా కుంగాలో చూస్తుంది. కొత్తవాళ్ళు దీన్ని తెరిచి ఉంచడమే మేలు. బ్రేకు వేస్తే ముందుభాగం మరీ కుంగుతోందనిపిస్తే ఒకటి రెండు క్లిక్కులు బిగించండి. లాకౌట్ ఈ డాంపింగ్‌ని దాదాపు పూర్తిగా మూసేస్తుంది. సింగపూర్ ఎమ్మార్టీలో మడత సైకిళ్ళకే అనుమతి, మౌంటెన్ బైక్‌కి లేదు. తువాస్ నుంచి చెస్ట్‌నట్‌కి సుమారు 20 కి.మీ. తారురోడ్డు మీదే తొక్కుకుంటూ పోవాలి. లాకౌట్ ఆ దారికోసమే. పార్కు గేటు దగ్గర తెరవడం మరిచిపోకండి.

రైడు అయ్యాక రబ్బరు రింగు ఎక్కడిదాకా పోయిందో చూడండి. ఆ రోజు తగిలిన అతి పెద్ద దెబ్బకి ప్రయాణం దాదాపు అంతా వాడి ఉండాలి. సాగ్ సరిగ్గా ఉండి కూడా మాటిమాటికీ అడుగు తగులుతుంటే, గాలి కొట్టడం కాదు మందు. గాలిగదిలో ప్లాస్టిక్ టోకెన్ ఒకటి వెయ్యాలి. గది చిన్నదై, చివరి భాగంలో మాత్రమే స్ప్రింగు గట్టిపడుతుంది. బాయిల్ సూత్రం ఇంతకాలానికి పనికొచ్చింది.

ప్రతి మార్పునీ రాసుకోండి: తేదీ, బరువు, ఒత్తిడి, సాగ్, క్లిక్కులు, ఒక్క వాక్యం అభిప్రాయం. ఒకసారికి ఒకటే మార్చండి. రెండు ఫైళ్ళు మార్చి ఒకే చెకిన్ చేస్తే ఏది పగలగొట్టిందో తెలియదని మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మెయింటెనెన్సు: క్యాలెండర్ మాట వినండి

ఇక్కడ ఏడాదికి 2,000 మి.మీ. పైన వాన. గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. తువాస్ లాంటి తీరంలో దానికి ఉప్పు తోడు. బండి తొక్కకుండా బాల్కనీలో పెట్టినా సీళ్ళ కింద నూనె ఆరుతుంది, మరలు తుప్పు పడతాయి. గంటల లెక్క ఒక్కటే సరిపోదు.

- ప్రతి రైడు తరవాత: పై గొట్టాల్ని తడి మెత్తటి గుడ్డతో, తరవాత పొడి గుడ్డతో తుడవండి. సీలు అంచున చేరిన ఇసుకే అసలు శత్రువు. సీళ్ళ మీద ప్రెషర్ జెట్ వద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు అసలే వద్దు, అవి లోపలి గ్రీజుని కడిగేస్తాయి.
- నెలకోసారి: పై గొట్టం మీద గోరుతో గీసి చూడండి. గోరు పట్టే గీత ఉంటే అది సీలుని కోస్తుంది. ముందు బ్రేకు నొక్కి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. సీలు దగ్గర టకటకమంటే లోపలి బుషింగు అరిగింది, హాండిల్ కింద అయితే హెడ్‌సెట్ వదులైంది.
- సుమారు 50 గంటలకి: కింది కాళ్ళు విప్పి నూనె మార్చాలి. రాక్‌షాక్స్ చెప్పే గడువు ఇది. కొన్ని కంపెనీలు ఇంకా ఎక్కువ ఇస్తాయి. వారానికి మూడు గంటలు తొక్కితే నాలుగు నెలలకి 50 గంటలు. అంత తొక్కకపోయినా ఆరు నెలలు దాటనివ్వకపోవడం నా పద్ధతి.

ఈ పని ఇంట్లో చేసుకోవచ్చు. మొట్టమొదట గాలి పూర్తిగా తీసెయ్యాలి. ఒత్తిడిలో ఉన్న ఫోర్కు విప్పితే భాగాలు బుల్లెట్లలా వస్తాయి. తరవాత అడుగు బోల్టులు రెండు మూడు చుట్లు వదులు చేసి, ప్లాస్టిక్ సుత్తితో తట్టి, కాళ్ళు లాగి, పాత నూనె గిన్నెలో పట్టండి. పాలలా తెల్లగా వస్తే నీళ్ళు చేరినట్టు. నురగ రింగులు తీసి శుభ్రం చేసి నూనెలో నానబెట్టండి. ఎంత నూనె, ఏ రకం, బోల్టు ఎంత బిగించాలి అన్నవి మీ మోడల్ మాన్యువల్లో ఉంటాయి. సిరంజితో కొలిచే పొయ్యండి. డాంపర్, నైట్రోజన్ నింపిన వెనక షాకు మాత్రం షాపు పని.

నూనె, గ్రీజు ఖర్చు తక్కువే. గీత పడ్డ పై గొట్టాలు మార్చాలంటే కొత్త ఫోర్కు ధరకి దగ్గరగా పోతుంది.

డార్మిటరీ సైకిళ్ళ గురించి

తువాస్ కార్మికుల డార్మిటరీల్లో మన తెలుగు కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. సైట్‌కీ మార్కెట్‌కీ సైకిల్ మీదే తిరుగుతారు. నేను రోడ్డు పక్కన సాగ్ కొలుచుకుంటుంటే శ్రీకాకుళం తమ్ముడొకడు ఆగి, "అన్నా, నాది కూడా షాకబ్జర్ల సైకిలే. అసలు ఊగట్లేదు, గాలి కొడతావా?" అన్నాడు.

అది గాలి ఫోర్కు కాదు. చవక ఇనప స్ప్రింగు, లోపల డాంపర్ లేదు. ఉక్కు గొట్టాలు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఇలాంటి ఫోర్కు పైనుండే మర ప్రీలోడ్. తిప్పితే స్ప్రింగుని ముందే కాస్త నొక్కి సాగ్ తగ్గిస్తుందే తప్ప గట్టిదనాన్ని మార్చదు. బిగిసిన ఫోర్కులో పగులు, కటకట లేకపోతే మామూలు ఫోర్కులా వాడుకోవచ్చు. పగులుగానీ ఊగులాటగానీ ఉంటే మాత్రం ఆ రోజే పక్కన పెట్టాలి. లారీల మధ్య ఫోర్కు విరిగితే రెండో అవకాశం ఉండదు. మార్చేటప్పుడు సస్పెన్షన్ లేని ఉక్కు ఫోర్కు వేస్తే చవక, మన్నిక కూడా. పొడవు పాతదానికి సమానంగా ఉండాలి, లేకపోతే ముందుభాగం పల్లమై హాండిల్ తీరు మారిపోతుంది. ఆ తమ్ముడికి అదే చెప్పాను, అదే వేయించాడు.

మనం కొత్త బండి కొని పాతది ఇలాంటివాళ్ళకి ఇచ్చేస్తుంటాం. మంచిదే. కానీ 80 కిలోల మనిషికి సెట్ చేసిన ఫోర్కు 58 కిలోల కుర్రాడికి కర్రలా ఉంటుంది. ఇచ్చేముందు అతన్ని ఎక్కించి సాగ్ కొలవండి, రీబౌండ్ సరిచెయ్యండి, చివరిసారి నూనె ఎప్పుడు మార్చారో చెప్పండి. ఒత్తిడి, క్లిక్కుల అంకెలు చిన్న టేపు మీద తెలుగులో రాసి ఫ్రేముకి అంటించండి. పావుగంట పని. డాక్యుమెంటేషన్ లేకుండా ప్రాజెక్టు అప్పగిస్తే ఎలా ఉంటుందో మనకి బాగా తెలుసు కదా!